ఊరి పేరు లేని రాయి

శిలాజ కలప అంటే రాయైపోయిన చెట్టు మాను. కూలిన చెట్టు గాలి సోకకుండా ఇసుకలోనో ఒండ్రులోనో అగ్నిపర్వతపు బూడిదలోనో పూడిపోతే బూజులకూ పురుగులకూ అందదు. భూగర్భజలంలో కరిగిన సిలికా కలపలోకి ఇంకుతుంది, కణాల గోడలను అంటుకుంటుంది, లోపలి ఖాళీలను నింపుతుంది, కాలక్రమాన క్వార్ట్జ్‌గా గట్టిపడుతుంది. అందుకే వార్షిక వలయాలు, ఒక్కోసారి పురుగు తొలిచిన దారి సైతం అచ్చంగా నిలుస్తాయి. ఇనుము చేరితే ఎరుపు, పసుపు. మాంగనీసు చేరితే నలుపు. ఇంత రంగు, ఇంత నగిషీ మరే శిలాజంలోనూ ఉండవు.

కొండపల్లి కొండల పక్కనున్న మైలవరం నేలలో మాత్రం ఇవి దొరకవు. ఆ కొండలు తూర్పు కనుమల చార్నొకైట్, ఖొండలైట్ రాళ్లు. భూగర్భంలో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మారిపోయినవి, నేల మీద చెట్టనేది పుట్టకముందువి. అక్కడ శిలాజాల కోసం సుత్తి ఎత్తడం వృథా. తూర్పుకు తిరిగి నూజివీడు దాటితే కథ వేరు. గొల్లపల్లి దగ్గర మొదలయ్యే ఇసుకరాళ్లు, పాత పశ్చిమ గోదావరి జిల్లాలోని రాఘవాపురం షేలు, వాటిపైన ద్వారకాతిరుమల గుట్ట పేరు పెట్టుకున్న తిరుపతి ఇసుకరాయి: ఈ మూడింటినీ వరుస పెట్టి వివరించినవాడు భారత భూవిజ్ఞాన సర్వేక్షణకు చెందిన విలియం కింగ్. ఆయన గ్రంథం 1880లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 1877లో, బొహీమియా నుంచి వచ్చిన ఒట్టొకర్ ఫైస్ట్‌మాంటెల్ గొల్లపల్లి ఆకుల శిలాజాలను బొమ్మలతో సహా ప్రచురించాడు. ఏలూరు దగ్గరి గొల్లపల్లి అనే పేరు ఆ ప్రచురణ శీర్షికలోనే ఉంది. అప్పట్లో వాటిని జురాసిక్ కాలానివన్నారు. ఇప్పుడు తొలి క్రెటేషియస్‌వని, అంటే 14 నుంచి 10 కోట్ల ఏళ్ల మధ్యవని లెక్కిస్తారు. మామిడితోటలకు పేరుబడ్డ ఆ సీమకు ఇంతటి వృక్షచరిత్ర ఉందని బడిపిల్లలకు చెప్పేవారు లేకపోవడం పెద్ద లోటు.

గొల్లపల్లి పేరు తెచ్చినవి మాన్లు కావు, ఆకుల అచ్చులు. ముఖ్యమైనది టిలోఫిల్లం: పక్షి ఈకలా నడిమి ఈనెకు ఇరువైపులా సన్నని పత్రకాలు. ఈ ఆకుల మొక్క నిండుగా ఎలా ఉండేదో 1932లో బీర్బల్ సాహ్ని చూపించాడు. రాజమహల్ కొండల్లో దొరికిన రాతి కాండాన్ని, ఆకుల్ని, పువ్వును పోలిన భాగాన్ని జతచేసి విలియమ్‌సోనియా సెవార్డియానాను పునర్నిర్మించాడు. చూపుకు అది సైకస్‌లాంటిదే కానీ వంశం వేరు, అది పూర్తిగా అంతరించింది. అదే సాహ్ని లక్నోలో పురావృక్షశాస్త్ర సంస్థను స్థాపించాడు. దేశదేశాల శిలాజాలను పొదిగిన శంకుస్థాపన శిలను 1949 ఏప్రిల్ 3న నెహ్రూ వేసిన వారానికే సాహ్ని కన్నుమూశాడు.

మెరుగు పెట్టడానికి పనికొచ్చే మాన్ల కోసం ఇంకా పైకి, ప్రాణహిత–గోదావరి లోయకు, తెలుగు వినిపించే సిరోంచ దాకా వెళ్లాలి. దక్షిణాన పుదుచ్చేరి దగ్గరి తిరువక్కరై ఉంది. 1781లో ఫ్రెంచివాడు సొన్నెరా కంటపడిన ఆ రాతి మాన్లు సుమారు 2 కోట్ల ఏళ్లవి. వేళ్లూ కొమ్మలూ లేకుండా ఉన్నాయి కాబట్టి ఏటి వరదే వాటిని అక్కడికి చేర్చిందంటారు. ఇలాంటి రక్షిత స్థలాల్లో పెంకు ముక్క కూడా ఎత్తకూడదు.

కోత, మెరుగు ఓపిక పని. క్వార్ట్జ్ కాఠిన్యం 7 గనుక వజ్రపు అంచున్న రంపమే కావాలి. మానును అడ్డంగా కోస్తే వలయాలు కనిపిస్తాయి, నిలువునా కోస్తే నార. తర్వాత సిలికాన్ కార్బైడ్ పొడితో 80, 220, 400, 600, 1200 వరుసలో అరగదీయాలి. పొడి మార్చిన ప్రతిసారీ రాయినీ చేతులనూ పళ్లాన్నీ శుభ్రంగా కడగాలి. ఒక్క ముతక రేణువు మిగిలినా చివర గీత తేలుతుంది. ఆఖరున తడి ఫెల్టు మీద సీరియం ఆక్సైడ్. అప్పుడు పదింతలు చూపే భూతద్దం పెడితే చెట్టు జాతి కొంత తెలుస్తుంది: పూల చెట్ల కలపలో సన్నటి రంధ్రాలుంటాయి, శంకువృక్షాల కలపలో ఉండవు. తిరువక్కరైలో రంధ్రాలున్న కలప విస్తారం. జాతి పేరు ఖాయం చేయడానికి మాత్రం మూడు దిక్కుల్లో కోసి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన పలకలు కావాలి.

ఇంత శ్రమనూ నీళ్లపాలు చేసేది ఒక్కటే: ఎక్కడ దొరికిందో రాయకపోవడం. నగరాల అలంకరణ దుకాణాల్లో శిలాజ కలప టీపాయిలు, చేతులు కడుక్కునే తొట్లు అమ్ముతున్నారు. అద్దంలా మెరుస్తాయి. ఊరు లేదు, రాతిపొర లేదు, కాలం లేదు. బెరడు ఆనవాలు కూడా చెక్కేస్తారు. కోట్ల ఏళ్లు నిలిచిన రాయికి ఊరి పేరును ఒక్క సంచి మార్పులో పోగొట్టడం క్షమించరానిది. ఆ తర్వాత ఎంత మెరుగు పెట్టినా అది ఖరీదైన రాయే తప్ప శిలాజంగా సగం చచ్చినట్టే. అమెరికాలో అరిజోనా శిలాజవనం ఇందుకు పాఠం. 1906లో స్మారకంగా, 1962లో జాతీయ పార్కుగా రక్షణ పొందిన ఆ చోటి నుంచి యాత్రికులు ముక్కలు పట్టుకుపోయి, తర్వాత మనసొప్పక ఉత్తరాలతో తిప్పి పంపుతుంటారు. వాటిని మళ్లీ నేల మీద పెట్టరు. ఏ ముక్క ఏ చోటిదో తెలియదు కనుక విడిగా ఒక కుప్ప పోస్తారు.

తెలుగిళ్లలో ఈ పట్టింపు కొత్తదేమీ కాదు. సాలగ్రామమూ శిలాజమే, అమ్మోనైట్ అనే సముద్రజీవిది. పూజించేవారు ముందు అడిగేది అది గండకీ నదిదా అనే. కొలిచే రాయికి ఉన్న ఈ ప్రశ్న, దాచుకునే రాయికీ ఉండాలి.

ఆకుల అచ్చులకు మెరుగు పనికిరాదు. షేలును నీళ్లలో కడగకూడదు, పొరలు విడిపోతాయి. మెత్తటి కుంచెతో దులిపి, దూది పరిచిన లోతు తక్కువ పెట్టెలో పడుకోబెట్టాలి. రాయి చీలినప్పుడు అచ్చు రెండు ముఖాల మీదా పడుతుంది, రెండింటికీ ఒకే సంఖ్య ఇవ్వాలి. కాగితం చీటీ ఒక్కటే చాలదు, ఊడిపోతుంది, చెదలు తింటాయి. రాయి అడుగున చిటికెనవేలి గోరంత తెల్ల రంగు పూసి, అది ఆరాక నల్ల సిరాతో సంఖ్య వేసి, పైన వార్నిష్ రాస్తే చెరగదు. నోటుపుస్తకంలో ఆ సంఖ్యకు ఎదురుగా ఊరు, మండలం, బావి తవ్వకమో క్వారీయో వాగు గట్టో, నేలమట్టం నుంచి ఎంత లోతు, ఏ రాయి, ఏ తేదీ, నేల యజమాని అనుమతి అన్నీ రాయాలి. జాతి పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలవచ్చు.