నేను నేర్చిన కొలత

రంజాన్ మాసం మా యింటికి రెండు విధాల పరీక్షాకాలం. ఉపవాసదీక్ష అందరికీ వున్నదే. దర్జీ కుటుంబమైన మాకు ఏడాది సంపాదనలో పెద్దభాగం కూడా ఈ ఒక్క నెలలోనే చేతికందవలసి వుంటుంది. 2025లో మార్చి 2న మొదటి రోజా, 31న ఈద్. నడుమనున్న ఆ 29 దినాలు నా జీవితంలో మరపురానివి.

అబ్బాకు చూపు మందగించింది. అందుచేత తరావీహ్ నమాజు ముగిసిన పిమ్మట దుకాణంలో గుడ్డ కత్తిరించే పని ఆ నెల నాకు అప్పగించారు. ఆయన మిషను త్రొక్కేవారు. యింటివద్ద అమ్మీ, చెల్లెలు కాజాలు తీసి గుండీలు కుట్టేవారు. సహరీ వేళకు అందరమూ ఒక్కచోట చేరేవాళ్లము.

నాకు మరొక వ్యసనం వున్నది. అది ఖత్తాతీ, అనగా అందమైన వ్రాత. మాతో వుంటున్న మా నానా పూర్వం ఉర్దూ ముద్రణాలయంలో కాతిబు. ఆ రోజులలో పత్రికలన్నీ చేతితో వ్రాసి లిథోలో అచ్చువేసేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ అనే యంత్రాక్షరాలు వెలువడిన తరువాత ఆ వృత్తి క్రమంగా క్షీణించింది. రెల్లు కలాన్ని ఏటవాలుగా కోయడం, దానితో ఒక చుక్క పెట్టి, ఆ చుక్కతోనే అక్షరాలను కొలవడం నానా నాకు నేర్పారు. నస్తాలీఖ్‌లో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. ఒక్క అక్షరం కుదిరేసరికి రాత్రి గడిచిపోయేది. దుకాణం నుండి వచ్చికూడా నిద్ర మాని వ్రాస్తూ వుండేవాణ్ణి.

ఇరవయ్యవ రోజా దాటిన తరువాత ఒక హమాలీ తన కుమారునికై తెల్లని గుడ్డ తెచ్చి యిచ్చాడు. అబ్బా కొలతల పుస్తకంలో ఉర్దూ అంకెలు వ్రాస్తారు. ఆ అంకెలలో రెండుకంటే మూడుకు తలపై ఒక పన్ను ఎక్కువ, అంతే భేదం. కుర్తా పొడవు 32 అంగుళాలు. నిద్రమత్తులో నేను 22 అని చదివి కత్తెర వేశాను. రాత్రంతా చుక్కలు లెక్కించిన కన్నులకు ఆ ఒక్క పన్ను కనబడలేదు!

తెల్లవారి సంగతి తెలిసి నా గుండె ఆగినంత పనైంది. కాగితం చెడితే మరొక కాగితం వున్నది; కత్తిరించిన గుడ్డ తిరిగి అతుకదు. అబ్బా ఆ ముక్కలను చాలాసేపు చేతపట్టుకొని చూశారు. తుదకు, "నా అంకెలు అట్లా వుంటాయి, నాయనా" అని మాత్రం అన్నారు. ఆపై పెట్టె తెరచి, అమ్మీ ఆయన ఈద్ కుర్తాకై కొనివుంచిన తెల్లగుడ్డ తీసి నా ముందు పరచారు. "ఈసారి దీపం దగ్గరగా పెట్టుకో" అన్నారు.

చాంద్ రాత్‌నాడు హమాలీ వచ్చినపుడు అబ్బా జరిగినది దాచక చెప్పారు. మజూరీ పుచ్చుకోలేదు. ఆ పిల్లవాడు కుర్తాను గుండెకు హత్తుకొని వీధి మలుపువరకూ పరుగెత్తడం నేను చూశాను.

మరునాడు అబ్బా ఈద్గాహ్‌కు పాత కుర్తాతోనే వచ్చారు. అమ్మీ దాని కాలరు త్రిప్పి కుట్టింది. అత్తరు పూసుకొని ఆయన అందరితో ఆలింగనం చేసుకొంటూ వుంటే, కొత్తబట్టలు ధరించిన నేను తలయెత్తలేకపోయాను.

మిత్రులారా! నేను కలాన్ని విడువలేదు. విడువమని అబ్బా కూడా అనలేదు. కాని నాటినుండి దుకాణంలో కొలతల పుస్తకం వ్రాసేది నేనే. మందగించిన చూపుకు సైతం తెలిసేటట్లు, రెండుకు ఒక పన్ను, మూడుకు రెండు పళ్లు స్పష్టంగా పెట్టి, పెద్ద అంకెలలో వ్రాస్తాను. ఒకనాడు నానా ఆ పుస్తకం తిరగవేసి, గోడకు తగిలించిన నా అక్షరాలవైపు ఒకసారి చూచి, "ఈ పుటలే బాగున్నవి" అన్నారు. ఆ నెల నాకు లభించిన ఈద్ కానుక అదే.