ఏం సర్దుకోవాలని అడిగారు

వచ్చే ఆగస్టులో శ్రీలంక పోదామని మా గోదావరిఖనిలో ఆరుగురు ఆడవాళ్లు అనుకుంటున్నారు. ముగ్గురు టీచర్లు, ఒక నర్సు, ఇద్దరు ఇంటిపట్టున ఉండేవాళ్లు. 2023లో మేం నలుగురం వెళ్లొచ్చాం కాబట్టి సలహా నన్నడిగారు. ఏం చూడాలి, ఎంతవుతుంది, ఏం సర్దుకోవాలి? ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే రాసేస్తే నయమనుకున్నాను. తీరా రాయబోతే సంచిలో పెట్టుకునే వాటికంటే ముందు చెప్పాల్సినవే ఎక్కువ కనిపించాయి.

మొదటిది పేరు.

మా వైపు నుంచి దేశం దాటడం కొత్తేమీ కాదు. దుబాయి, మస్కట్ ఊసెత్తని పల్లె కరీంనగర్ చుట్టుపక్కల దొరకదు. కాకపోతే వెళ్లేది ఎక్కువగా మగవాళ్లు. పాస్‌పోర్టు అంటే ఆడవాళ్లకు బీరువాలో జాగ్రత్తగా దాచిపెట్టాల్సిన మొగుడి కాగితం. మాలో ఇద్దరికి యాభై దాటాకే మొదటి పాస్‌పోర్టు వచ్చింది. మా వదినె పదోతరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఆధార్‌లో అత్తింటిది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు జాగాలో ఒక్క పొడి అక్షరం. మూడూ ముందేసుకుని "ఇండ్ల నేనెవర్నే?" అని నవ్వింది. ఆ ప్రశ్నకు జవాబు కాగితాల మీద తేలడానికి నాలుగు నెలలు పట్టింది.

అందుకని ప్రయాణానికి కనీసం ఆరు నెలల ముందు మీ కాగితాలన్నీ ఒకచోట పరుచుకుని చూసుకోండి. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టుకు పెళ్లి సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. విడాకులు తీసుకున్నవాళ్లు, విడిగా ఉంటున్నవాళ్లు భర్త పేరు రాయనక్కర్లేదు. తల్లిదండ్రులిద్దరి పేర్లూ అక్కర్లేదు, ఒకరిది చాలు. దరఖాస్తులు నింపిపెట్టే దుకాణాల్లో కూర్చునేవాళ్లకు ఇది తెలియకపోవచ్చు. "మీ ఆయన పేరు చెప్పమ్మా" అని అలవాటుగా అడుగుతారు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, అది మీకు తెలిసి ఉండాలి. విమానం టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. ఒంటి పేరుతో పోయే సందర్శకులను 2022 నవంబరులో ఎమిరేట్స్ వాళ్లు రానివ్వమన్నప్పుడు మా వైపు ఎన్ని ఇళ్లలో కలవరం పుట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది. వీసా నియమాలు ఈ మధ్య పలుమార్లు మారాయి. టికెట్ కొనకముందే శ్రీలంక ప్రభుత్వ సైటులో చూసుకోండి.

రెండోది పైసలు. మా లైన్‌లో ఉండే అక్కకు భర్త పోయాక సింగరేణిలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరు పిల్లల్ని చదివించింది, పెళ్లిళ్లు చేసింది. తన జీతం తను దాచుకున్న డబ్బుతోనే వస్తానంటే కొడుకు "ఏనుగుల్ని సూడనీకి దేశం దాటాల్నా అమ్మా?" అన్నాడట. ఎల్‌టీసీ వస్తే తిరుపతి, షిరిడీ. రెండేళ్లకోసారి మేడారం. ఈ ప్రయాణాలకు ఎవరూ కారణం అడగరు, మొక్కు ఉంటుంది కదా. ఏ మొక్కూ లేకుండా, ఊరికే చూడాలనిపించి వెళ్తానంటేనే ఇంట్లో వాళ్లకు మింగుడుపడదు. మీకూ ఈ ప్రశ్న వస్తుంది. 'పిల్లలు పంపుతున్నారు' అని అబద్ధం చెప్పకండి. అక్క చెప్పలేదు. పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్లొచ్చి రాసిన పుస్తకం 1876లో మద్రాసులో అచ్చయింది. దాదాపు నూటయాభై ఏళ్లయినా మనం ఇంకా ఇంట్లో కారణాలు వెతుక్కుంటున్నాం! డబ్బు మాత్రం నలుగురూ కలిపి ఒకరి దగ్గర పెట్టకండి. ఎవరిది వాళ్ల దగ్గర, ఎవరి కార్డు వాళ్ల పేరున ఉండాలి.

ఇక సంచి. రామగుండంలో రైలెక్కితే మద్రాసు, అక్కడి నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర లోపే. నూలు బట్టలు. గుళ్లకు భుజాలు, మోకాళ్లు కప్పేవి, తెల్లవైతే మరీ మంచిది. చెప్పులు విడిచి నడవాలి. అనురాధపురంలో మిట్టమధ్యాహ్నం ఆ రాళ్ల మీద మే నెల రామగుండం గుర్తొస్తుంది, పాత మేజోళ్లు రెండు జతలు పెట్టుకోండి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ పెద్ద తప్పు. సింహరాజ అడవికి పోతే జలగలు ఉంటాయి, మోకాళ్లదాకా వచ్చే జలగ మేజోళ్లు అక్కడే దొరుకుతాయి. దోమల మందు మరవొద్దు, డెంగీ మనకున్నట్టే వాళ్లకూ ఉంది.

ఏ గైడు పుస్తకంలోనూ నాకు కనిపించని సంగతి ఒకటి. సఫారీ జీపు ఎక్కాక మూడు నాలుగు గంటలు దిగనివ్వరు. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండే విద్య మనకు బాగా వచ్చు, బజారుకు పోయినా పెళ్లికి పోయినా అదే చేస్తాం. ఆ ఎండలో అలా చేస్తే కళ్లు తిరిగి పడిపోతారు. గేటు దగ్గర మరుగుదొడ్డి ఎక్కడో ముందే అడగండి, సిగ్గుపడకండి. నీళ్లు తాగండి.

సిగిరియా మెట్లు పన్నెండు వందల దాకా ఉంటాయి. పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టాలి. మా పిల్లలకు కొండ అంటే ఓబీ గుట్టే, గని తవ్విపోసిన మట్టి. అంతటి ఏకశిలను చూసి మేమే కాసేపు నోరు తెరిచి నిలబడ్డాం. ఇనుప మెట్ల దగ్గర అక్క ఆగి, కింద చూసి, "ఆయన ముప్పయేండ్లు రోజూ దిగిండు. నేను ఎక్కుతున్న" అంది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు, 2019లోగానీ ఆ తలుపు తెరుచుకోలేదు. అందుకే భర్త పనిచేసిన చోటు ఆమె ఎన్నడూ చూడలేదు.

అందరూ బొమ్మల్లోని అందగత్తెల కోసం ఎక్కుతారు. మీరు దాని పక్కనున్న అద్దపు గోడ దగ్గర ఎక్కువసేపు నిలబడండి. వందల ఏళ్ల పాటు ఆ బొమ్మల్ని చూడవచ్చినవాళ్లు గోడ మీద పద్యాలు గీకిపోయారు. సెనరత్ పరణవితాన 685 పద్యాలను చదివి 1956లో అచ్చువేయించాడు. మగవాళ్ల వలపు మాటలే ఎక్కువ. అయితే రాసినవాళ్లలో కొందరు ఆడవాళ్లూ ఉన్నారు. గోడ మీద ఆడదాన్ని చూసి ఆడది ఏం రాసి ఉంటుందో అన్న కుతూహలం నన్ను కొండ దిగాక కూడా వదల్లేదు.

కండీలో గైడు మనం తెలుగువాళ్లమని తెలియగానే ఉత్సాహపడతాడు. 1739 నుంచి 1815 దాకా అక్కడ ఏలింది తెలుగు మూలాలున్న నాయక రాజులే. నిజమే, వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహుడు బౌద్ధానికి చాలా చేశాడు, 1753లో ఆగిపోయిన భిక్షు దీక్షలను మళ్లీ మొదలుపెట్టించాడు. మన రాజులని మురిసిపోయే ముందు ఎహెలెపొల కుమారిహామి గురించి కూడా అడగండి. భర్త తిరుగుబాటు చేశాడని 1814లో శ్రీవిక్రమ రాజసింహుడు ఆమె బిడ్డల్ని ఆమె కళ్లముందే చంపించి, ఆమెను చెరువులో ముంచి చంపించాడు. భర్త మాత్రం ఇంగ్లీషువాళ్ల దగ్గరికి చేరుకున్నాడు. మరుసటి ఏడాది రాజ్యం పోయింది, రాజును వేలూరుకు పంపారు. మా గైడు ఈ కథ అడిగితే తప్ప చెప్పలేదు.

ఆ గైడే అనురాధపురం దారిలో 'పాములవాళ్లు' అని కారు దిగకుండా వేలితో చూపించిన మనుషులు ఇవాళ్టికీ తెలుగు మాట్లాడుతున్నారు! సింహళంలో వాళ్లను అహికుంటక అంటారు. మగవాళ్లు నాగుపాములను, కోతులను ఆడించేవాళ్లు. ఆడవాళ్లు చెయ్యి చూసి చెబుతారు. తాటాకు గుడిసెలు గాడిదల మీద వేసుకుని దేశమంతా తిరిగిన జాతి, ఇప్పుడు తంబుత్తేగమ దగ్గర కూడగమ వంటి ఊళ్లలో స్థిరపడ్డారు. మేం దిగి టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే మా వయసావిడ దగ్గరికొచ్చి కాసేపు విని, "మా మాటే మాట్లాడతా ఉండారే!" అంది. ఆమె మాటల్లో తమిళం, సింహళం కలిసిపోయి సగమే అర్థమైంది. నీళ్లు, నిప్పు, పాము, బిడ్డ, ఆకలి అర్థమయ్యాయి. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఈ తెలుగు నేను చెప్పిన ఏ పాఠంలోనూ లేదు. మనవరాలు సింహళ బడిలో చదువుతోందట, ఈ మాట రాదట. రాకపోతేనే మంచిదన్నట్టు చెప్పింది.

వదినె ఫోను తీసింది. అక్క చెయ్యి అడ్డం పెట్టి "చెయ్యి సూపిద్దాం, పైసలిద్దాం. ఫొటో వద్దు" అంది. నా సలహా కూడా అదే. పామును బుట్టలోంచి తీయించకండి, కోతిని ఆడించమనకండి. పక్కన కూర్చుని మాట్లాడండి, చెయ్యి చూడటం ఆమె పని కాబట్టి ఆ పనికి డబ్బు ఇవ్వండి. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక పాములోళ్లు ఏమైపోయారో మనలో ఎంతమంది అడిగాం?

చివరికి ఏనుగులు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎండకు మిన్నేరియా చెరువు వెనక్కి తగ్గితే ఆ మేత మీదికి ఏనుగులు గుంపులుగా వస్తాయి. చెరువు మూడో శతాబ్దంలో మహాసేనుడు తవ్వించింది, కాకతీయుల చెరువుల కిందికి నీళ్లు పారే ఊళ్లలో పెరిగినవాళ్లకు ఆ కట్ట కొత్తగా అనిపించదు. ఏనుగులు మిన్నేరియాకీ కౌడుల్లకీ మధ్య తిరుగుతుంటాయి, ఆరోజు ఎక్కడున్నాయో పొద్దున్నే అక్కడివాళ్లను అడిగి టికెట్ కొనండి. యాలాలో చిరుతపులి కోసం జీపులు ఒకదానిమీదొకటి పడతాయి. అది నాకు నచ్చలేదు, అక్కడి డబ్బు మిగుల్చుకుని మిన్నేరియాలో రెండు సాయంత్రాలు గడపండి. పిల్ల ఏనుగును నడుమ పెట్టుకుని ఆడ ఏనుగులు నడిచే తీరు నేను వర్ణించను, మీరే చూడాలి.

కానీ అవి రాత్రికి ఎటు పోతాయో కూడా అడగండి. 2023 ఒక్క ఏడాదిలోనే శ్రీలంకలో నాలుగు వందలకు పైగా ఏనుగులు, వందకు పైగా మనుషులు ఒకరి దారిలో ఒకరు పడి చచ్చిపోయారు. మనకిది దూరపు సంగతి కాదు. గోదావరి దాటి కాసేపు పోతే ఆసిఫాబాద్ జిల్లా. అక్కడ 2020 నవంబరులో ఒక అమ్మాయి, 2024 నవంబరులో ఇంకో అమ్మాయి పత్తి ఏరుతుండగా పులి దాడిలో పోయారు. 2024 ఏప్రిల్‌లో గడ్చిరోలి వైపు నుంచి వచ్చిన ఏనుగు ఇద్దరు రైతుల్ని చంపింది. పులి వచ్చిందంటే పట్నంలో సంతోషం, చేన్లో కూలికి పోయే ఆడదానికి భయం. రెండూ ఒకే జంతువు గురించే. పులి ఉండాలి, ఏనుగు ఉండాలి అని నేనూ అంటాను. పత్తి ఏరేవాళ్లను అడక్కుండా అనడం మాత్రం ఇప్పుడు నాకు కష్టం.

మా జీపు డ్రైవరుకు ముప్పయ్యేళ్లుంటాయి. పార్కు అంచున చెట్టు కొమ్మల మీద కట్టిన మంచె ఒకటి చూపించాడు, అచ్చం మన జొన్నచేల మంచెలాంటిదే. రాత్రి అక్కడ కూర్చుని ఏనుగుల్ని తోలాలి. పొద్దుగూకినప్పటి నుంచి తను వచ్చేదాకా భార్య టార్చిలైటు, టపాకాయలు పట్టుకుని ఒక్కతే ఉంటుందన్నాడు. అందుకని సాయంత్రం ఆరవుతుంటే 'ఇంకో పది నిమిషాలు' అని అతన్ని బతిమాలకండి.