గోడకుర్చీ

పిల్లలకు క్రమశిక్షణ ఎక్కణ్ణుంచి వస్తుందని ఎవరన్నా అడిగితే నాకు మా ఊరి బడి గోడ గుర్తొస్తుంది. 1981లో నేను ఆరో తరగతి. మాది గుంటూరు జిల్లా. బడి ఊళ్లో, మేం మాదిగపల్లెలో.

తెల్లారకముందే మా అయ్య జీతమున్న ఆసామి దొడ్లో నేను పేడ ఎత్తాలి, గొడ్లకు కుడితి పెట్టాలి. అప్పు అయ్యది, చాకిరీ ఇంటిల్లిపాదిదీ. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. ఆ దొడ్డిదాకా రాలేదు. పనయ్యాక కాలవలో మునిగి బడికి పరిగెత్తేవాణ్ణి. అప్పటికే ప్రార్థన అయిపోయేది.

"వచ్చాడ్రా దొరగారు! మీకు చదువులెందుకురా?" అనేవాడు సారు. అరచేతుల మీద రెండు దెబ్బలు, ఆనక గోడకుర్చీ. ఖాళీ కడుపుతో తొడలు వణికేవి.

ఆ ఆసామి కొడుకు మా క్లాసే. తానం చేసి, పౌడరు రాసుకుని, గంట కొట్టకముందే ముందు వరసలో కూచునేవాడు. "వాణ్ణి చూసి నేర్చుకో" అనేవాడు సారు. వాళ్లింటి పేడ నేనెత్తబట్టే వాడు టయానికొచ్చేవాడు. అందుకే నేను రాలేకపోయేవాణ్ణి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నోరు తెరిస్తే ఎదురు చెప్పానని ఇంకో దెబ్బ.

మరుసటేడు మా అమ్మ మొండిపట్టు పట్టి నన్ను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేర్పించింది. అక్కడ పురుగులు ఏరుకుని తినేవాళ్లం. అయినా ఆ అన్నం టయానికి పెట్టేవాళ్లు. ఎత్తడానికి పేడ లేదు. ఆ యేడాది ఒక్కరోజూ బడికి ఆలస్యం కాలేదు. నేను అదే పిల్లోణ్ణి. నా పొద్దుటి పూట మారింది, అంతే.

ఇప్పుడు నేనూ పంతుల్నే. 2003 జనవరి నుంచి మన సర్కారు బళ్లలో మధ్యాన్నం అన్నం వండి పెడుతున్నారు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టకూడదంది, మనసు నొప్పించి వేధించకూడదంది. మీరితే పంతులు మీదే క్రమశిక్షణ చర్య!

మొన్నొక పిల్లోడు ఆలస్యంగా వచ్చి, నేనేమీ అనకముందే గుమ్మంలో నిలబడి అరచెయ్యి చాపాడు. నా గుండె గతుక్కుమంది.

"పొద్దున ఏం పని చేశావు నాయనా?" అనడిగాను.

ఎంతసేపటికో నోరు పెగిలింది. "అమ్మ మిరపకోతకు పోయింది సార్. చెల్లెల్ని చూసుకున్నా."

నన్ను ఆనాడు ఆ మాట అడిగినోళ్లు లేరు. వాణ్ణి ముందు వరసలో కూచోమన్నాను.