సరస్సు గట్టున గది

3 నవంబరు 2024, ఆదివారం
ఆల్ఫారెటా, జార్జియా

థాంక్స్‌గివింగ్ సెలవులకు ఆర్లాండో వెళ్లడం ఖాయమైంది. మనవరాలికి ఏడేళ్లు. డిస్నీ వరల్డ్ చూపించడానికి ఇదే సరైన వయసని అమ్మాయి అంటోంది. ఇంకో మూడేళ్లు పోతే కోటలో రాకుమారి ఉందంటే నమ్మదు కదా అమ్మా అంది. నాకూ నిజమే అనిపించింది. ఇక్కణ్ణుంచి కారులో ఏడు గంటల దారి. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే దూరం కాదు, ముందు బస కుదుర్చుకోవాలి.

భోజనాలయ్యాక అల్లుడు ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. డిస్నీ వాళ్ల ఆవరణలోనే హోటళ్లు పాతికకి పైన ఉన్నాయి. వాటిని వాల్యూ, మోడరేట్, డీలక్స్ అని తరగతులు చేశారు. అడుగున ఆల్-స్టార్ హోటళ్లు, పైన గ్రాండ్ ఫ్లోరిడియన్. మేం వెళ్లే వారానికి గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో మామూలు గది, అదీ సరస్సు కనబడని వైపుది, పన్నుతో కలిపి రాత్రికి వెయ్యి డాలర్లు దాటింది. ఆ హోటల్ ఉన్న ఆరెంజ్ కౌంటీలో గది అద్దె మీద పన్నే పన్నెండున్నర శాతం. మొత్తం మన డబ్బుల్లో ఎనభై నాలుగు వేల పైమాట. ఒక్క రాత్రికి! పార్కు టికెట్లు వేరే, తిండి వేరే.

"నాకు నెలకొచ్చే పెన్షన్ కూడా అంత లేదే" అన్నారు మా ఆయన.

చవక గది ఫోటో, ఖరీదు గది ఫోటో పక్కపక్కన పెట్టించి చాలాసేపు చూశాను. రెండు మంచాలు, బాత్రూము, టీవీ, కాఫీ కాచుకునే మిషను. పెద్ద గదిలో ఓ సోఫా, చిన్న బాల్కనీ అదనం. పరుపు ఎంత మెత్తనిదైనా మూడు నాలుగు రెట్ల అద్దె దానివల్ల రాదు. మిగతా డబ్బు దేనికి తీసుకుంటున్నట్టు? బ్యాంకులో అప్పు కాగితాలు చూసిన రోజుల్లో కూడా ఇలాంటి లెక్క తేలందే నాకు నిద్రపట్టేది కాదు.

6 నవంబరు, బుధవారం

టీవీలో ఎన్నికల ఫలితాల హోరు. నేను లైబ్రరీ నుంచి తెప్పించుకున్న వాల్ట్ డిస్నీ జీవితచరిత్ర పట్టుకుని మేడమీదికి వచ్చేశాను. అద్దె లెక్క మూలం అందులో దొరికింది.

1955లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచేనాటికి వాల్ట్ చేతిలో ఉన్నది 160 ఎకరాలు. ఉన్న డబ్బు, తెచ్చిన అప్పు అన్నీ పార్కు మింగేసింది. పక్కన హోటల్ కట్టడానికి పైసా మిగల్లేదు. జాక్ రాథర్ అనే టీవీ నిర్మాతను ఒప్పించి, ఆయన డబ్బుతో డిస్నీలాండ్ హోటల్ కట్టించారు. పేరు డిస్నీది, రాబడి రాథర్‌ది. అది డిస్నీ కంపెనీ చేతికి వచ్చేసరికి 1988 అయింది. ఈలోగా పార్కు ప్రహరీ చుట్టూ ఎవరెవరివో మోటళ్లు వరసగా లేచాయి. జనాన్ని రప్పించేది డిస్నీ, రాత్రికి వాళ్ల దగ్గర అద్దె తీసుకునేది ఇరుగుపొరుగు.

ఆ దెబ్బ వాల్ట్ మరిచిపోలేదు. 1960లలో ఫ్లోరిడాలో అసలు పేరు బయటపడకుండా, రకరకాల కంపెనీల పేర్లతో 27 వేల ఎకరాలకు పైగా కొనిపించారు. చిత్తడి నేల, అడవి, ఎకరం సగటున రెండు వందల డాలర్లు కూడా పడలేదు. 1966 డిసెంబరులో వాల్ట్ పోయారు. అన్నగారు రాయ్ దగ్గరుండి పూర్తి చేయించారు. 1971 అక్టోబరు 1న తెరిచినరోజే పార్కుతోపాటు రెండు హోటళ్లు, కాంటెంపరరీ, పాలినేషియన్, వాళ్ల నేల మీదే తెరుచుకున్నాయి. పార్కు ప్రవేశ రుసుం మూడున్నర డాలర్లు.

అంటే పార్కు గేటుకి దగ్గరగా ఉన్న ప్రతి గజమూ ఒకే చేతిలో ఉంది. ఎదుటివాడు పక్కన ఇంకో హోటల్ కట్టి అద్దె తగ్గించే వీలే లేదు. మా బజార్లో టిఫిన్ హోటళ్లు ఒకదాన్ని చూసి ఒకటి ఇడ్లీ ధర దించినట్టు అక్కడ జరగదు. వెయ్యి డాలర్లలో సగం ఈ దగ్గరితనానికే పోతోంది.

9 నవంబరు, శనివారం

మిగతా సగం కూడా దొరికింది. అది సమయం.

అల్లుడు ఓపిగ్గా విప్పి చెప్పాడు. డిస్నీ హోటళ్లలో ఎందులో దిగినా, పార్కు అందరికీ తెరిచే వేళకి అరగంట ముందు లోపలికి వదులుతారు. డీలక్స్ వాళ్లకి కొన్ని రాత్రులు పార్కు మూసేశాక కూడా రెండు గంటలు ఆడుకోనిస్తారు. క్యూ తప్పించుకునే లైట్నింగ్ లేన్‌ని ఆ హోటళ్లలో దిగినవాళ్లు ఏడు రోజుల ముందే కొనుక్కోవచ్చు, బయట దిగినవాళ్లు మూడు రోజుల ముందు మాత్రమే. ఈలోగా మంచి వేళలు అయిపోతాయి. ఇప్పుడు, మొన్న అక్టోబరు 30 నుంచి, ప్రీమియర్ పాస్ అని కొత్తది మొదలైంది. ఏ గంటకు కావాలంటే ఆ గంటకు నేరుగా వెళ్లిపోవచ్చు. కోట ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి మొదట పెట్టిన ధర రోజును బట్టి మనిషికి 329 నుంచి 449 డాలర్లు, టికెట్ కాకుండా. మొదలుపెట్టినప్పుడు దాన్ని అమ్మింది ఖరీదైన హోటళ్లలో దిగినవాళ్లకే.

నాకు కోపం తెప్పించింది ధర కాదు, ఒకప్పటి సంగతి. క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ చీటీ 2020 దాకా టికెట్ కొన్న ప్రతివాళ్లకీ ఉచితంగా ఇచ్చేవాళ్లు. విమానాశ్రయం నుంచి హోటల్‌కి నడిపిన బస్సు ఉచితం, అది 2022 జనవరి నుంచి లేదు. చేతికి కట్టుకునే మ్యాజిక్ బ్యాండ్ గదితోపాటు వచ్చేది, ఇప్పుడు కొనుక్కోవాలి. గది అద్దె తగ్గిందా? లేదు. ఒకే గదిలోంచి వస్తువులు ఒక్కొక్కటే తీసి బయట విడిగా అమ్ముతున్నారు.

ఆర్లాండోలోనే పార్కులున్న యూనివర్సల్ వాళ్లది ఇంకో దారి. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో గది తీసుకుంటే వాళ్ల పాత రెండు పార్కుల్లో క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదిలో ఎందరుంటే అందరికీ ఉచితం. దిగిన రోజు, ఖాళీ చేసే రోజు రెండూ చెల్లుతాయి. ఒక్క రాత్రి గది తీసుకుని రెండు రోజుల పాస్ రాబట్టుకోవడం ఇక్కడి తెలుగు కుటుంబాలన్నింటికీ తెలిసిన కిటుకేనట. అయిదుగురు ఉన్న ఇంటికి లెక్క సరిపోతుంది కూడా. అద్దె ఎక్కువే, కానీ దేనికిస్తున్నామో కనబడుతుంది.

12 నవంబరు, మంగళవారం

డిస్నీ వాళ్ల స్టార్ వార్స్ హోటల్ గురించి చదివాను. పేరు గెలాక్టిక్ స్టార్‌క్రూజర్. 2022 మార్చిలో తెరిచారు. వంద గదులు. బయటి లోకం కనబడే కిటికీలుండవు, అంతరిక్ష నౌకలో రెండు రాత్రులున్నట్టు నటులతో కలిసి కథలో పాల్గొనాలి. నలుగురి కుటుంబానికి ఆరువేల డాలర్ల దాకా. అయిదు లక్షల రూపాయలు. 2023 సెప్టెంబరు ఆఖరుకి మూసేశారు, రెండేళ్లు కూడా నడవలేదు.

వెళ్లినవాళ్లు చాలామంది బ్రహ్మాండంగా ఉందన్నారట. పాపం ఆ నటులు ప్రాణం పెట్టి చేశారు. చూసి ఆనందించాల్సిన పిల్లల తల్లిదండ్రులకి అందనంత ఎత్తులో పెట్టారు దాన్ని. నాకు ఆ పనివాళ్ల కష్టం వృథా అయిందనే బాధ.

16 నవంబరు, శనివారం

ఇవాళ ఇంట్లో పెద్ద చర్చ. మా ఆయన మోకాళ్ల గురించి.

"ఒక్క రాత్రి కాంటెంపరరీలో ఉందాం నాన్నా. అక్కణ్ణుంచి పార్కుకి పది నిమిషాల నడక. మధ్యాహ్నం గదికొచ్చి నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ రావచ్చు" అంది అమ్మాయి. దాని మాటలో న్యాయం ఉంది. ఖరీదు హోటల్‌ని నేనిక్కడ ఎన్ని అన్నా, నడవలేని పెద్దవాళ్లకీ మధ్యాహ్నం నిద్ర కావాల్సిన పసిపిల్లలకీ ఆ దగ్గరితనం నిజంగా అవసరం. అవసరం ఉన్నచోటే గట్టిగా వసూలు చేయడం నాకు మింగుడుపడదు.

"వద్దమ్మా, వీల్‌ఛైర్ అద్దెకిస్తారట కదా" అన్నారు ఆయన.

"అత్తయ్యగారూ, మీరేమంటారు?" అన్నాడు అల్లుడు. డబ్బు వాళ్లది, ఆయాసం మాది. ఆర్లాండో పక్కనున్న కిస్సిమీలో వంటిల్లున్న ఇల్లు తీసుకుందామన్నాను. అదే తేలింది. వాళ్ల స్నేహితుల కుటుంబం కూడా కలుస్తుంది, అద్దె సగం సగం. పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు, మద్యం తప్ప. పులిహోర, దద్ధోజనం నా వంతు.

24 నవంబరు, ఆదివారం
కిస్సిమీ, ఫ్లోరిడా

నిన్న రాత్రి చేరాం. పొద్దున పాలకోసం అల్లుడితో 192 హైవే మీదికి వెళ్లాను. దారి పొడుగునా రంగురంగుల పాత మోటళ్లు. కొన్నింటి వాలకం చూస్తే యాత్రికులవి కావని తెలిసిపోతుంది. తలుపు బయట పిల్లల సైకిళ్లు, రైలింగు మీద ఆరేసిన బట్టలు, కిటికీలో రైస్ కుక్కర్. ఇల్లు అద్దెకు తీసుకోవడానికి కట్టాల్సిన అడ్వాన్సు కూడబెట్టలేక వారం వారం డబ్బు కట్టుకుంటూ ఇక్కడే కాపురం ఉండే కుటుంబాలున్నాయి. 2017లో వచ్చిన 'ది ఫ్లోరిడా ప్రాజెక్ట్' సినిమా ఈ పిల్లల కథే. ఆ సినిమా అల్లుడు అప్పట్లో చూపించాడు. ఇప్పుడు ఆ రోడ్డు మీదే కారాపి పాలు కొన్నాం.

ఆ మోటళ్లు చూశాక జీతాల లెక్క గుర్తొచ్చింది. డిస్నీ ఉద్యోగుల యూనియన్ గట్టిగా పట్టుబట్టాక 2023లో కనీస వేతనం గంటకి పదిహేను డాలర్ల నుంచి పద్దెనిమిదికి పెంచడానికి ఒప్పందం కుదిరింది. వారానికి నలభై గంటల పని. ఆ కనీస వేతనం మీద పనిచేసే మనిషి గ్రాండ్ ఫ్లోరిడియన్ గదిలో ఒక్క రాత్రి పడుకోవాలంటే పన్నులు కట్టకముందు లెక్కనే యాభై ఆరు గంటలు పనిచేయాలి.

25 నవంబరు, సోమవారం

కారు నిలిపినందుకు ముప్ఫై డాలర్లు. అక్కణ్ణుంచి ఇంకా పార్కు కనబడదు. ట్రామెక్కి, సంచులు వెతికించుకుని, లాంచీ రేవుకి చేరాలి. ముందు సెవెన్ సీస్ లగూన్ అని తవ్వించిన సరస్సు. ఆ ఒడ్డున కోట. లాంచీ కదిలాక అన్నీ కళ్లకు కట్టాయి. ఎడమ చేతి గట్టున పాలినేషియన్, ఇంకాస్త ముందుకి ఎర్ర కప్పుల గ్రాండ్ ఫ్లోరిడియన్, కుడి గట్టున కాంటెంపరరీ, దాని పొట్టలోంచి దూసుకుపోయే మోనోరైలు. సరస్సు చుట్టూ గట్టంతా వాళ్లకి, నీళ్లు దాటి రావడం మనకి. మేం గేటు చేరేసరికి గట్టున దిగినవాళ్లు అరగంట ముందే లోపల ఆటలు మొదలుపెట్టేశారు.

పీటర్ పాన్ ఆటకి గంటన్నర క్యూ. ఆట మూడు నిమిషాలు. మా పక్కన తాడుకి అవతల లైట్నింగ్ లేన్ వాళ్లు నడుచుకుంటూ వెళ్లిపోతున్నారు. వాళ్లని వదిలినంతసేపూ మా వరస కదలదు. ఒకరికి అమ్మిన నిమిషం ఇంకొకరి దగ్గర తీసుకున్నదేనని అక్కడ నిలబడితే తెలుస్తుంది. కింద వీల్‌ఛైర్‌లో ఉన్న ఆయన తలెత్తి, "తిరుమల కొండ మీద మాత్రం? మూడు వందల టికెట్టు ఉంది, శ్రీవాణికి పదివేలిస్తే బ్రేక్ దర్శనం ఉంది" అన్నారు. నేను కాదనలేదు. కానీ అక్కడ సర్వదర్శనం పైసా లేకుండా జరుగుతుంది, కొండ మీద యాభై రూపాయల గది, వంద రూపాయల గది ఇప్పటికీ ఇస్తారు. డబ్బున్నవాడి వరస పక్కన లేనివాడి వరసనీ నిలబెట్టే బాధ్యత ఒకటి మిగిలింది. ఇక్కడ టికెట్ కొన్నవాళ్లే మళ్లీ రెండు తరగతులు. అక్కడా పదివేల చీటీ నాకు నచ్చదు, అది వేరే సంగతి.

మధ్యాహ్నం ఆయన మొహం వాడిపోయింది. మోనోరైలెక్కి గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో దిగాం. దిగడానికి డబ్బక్కర్లేదు. లాబీలో క్రిస్మస్‌కి అల్లం రొట్టెతో మనిషి ఎత్తుకి మించిన ఇల్లు కట్టారు, కిటికీలోంచి బిస్కెట్లు అమ్ముతున్నారు. అల్లం, లవంగం, పాకం కలిసిన వాసన అయిదు అంతస్తులూ నిండింది. ఒకతను పియానో వాయిస్తున్నాడు. ఆయన మెత్తటి కుర్చీలో కూర్చుని మోకాళ్లు చాపుకుని గంటసేపు కునుకు తీశారు. ఎవరూ లేపలేదు, ఏం కావాలని అడగలేదు. ఆ మర్యాద నాకు నచ్చింది, రాసిపెట్టాలి. మనవరాలు అల్లం ఇంటి పెంకులు లెక్కపెడుతూ కూర్చుంది. రాత్రి బాణసంచా దాకా ఆయన మాతోనే ఉన్నారు.

29 నవంబరు, శుక్రవారం
ఆల్ఫారెటా

నిన్న ఇల్లు చేరాం. పొద్దున హైదరాబాద్ నుంచి మా చెల్లెలి ఫోను. వచ్చే వేసవిలో కొడుకు దగ్గరికి వస్తున్నారు. మే 22న యూనివర్సల్ వాళ్ల కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్ తెరుస్తారు, అదీ చూడాలట. "అక్కా, హోటల్ మంచిదే తీసుకోమంటావా?" అంది. మీవాడికి చంటిబిడ్డ ఉంది కదా, దాని నిద్ర కోసం ఒక్క రాత్రి దగ్గరలో తీసుకోండి, మిగతా రాత్రులు వంటిల్లున్న ఇంట్లో ఉండండి, ప్రీమియర్ పాస్ జోలికి మాత్రం పోవద్దు అన్నాను. లాబీ సంగతి కూడా చెప్పాను. మోనోరైలు ఉచితమని రెండుసార్లు చెప్పాను.

అమ్మాయి ఇంకా కాంటెంపరరీ మాట వదల్లేదు. ఒక్క రాత్రి ఉంటే నాన్న అంత అలిసేవారు కాదు అంటుంది. దాని బాధ నాకు అర్థమైంది. రాత్రి కూర్చుని లెక్క చూపించాను. గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో మూడు రాత్రులంటే రెండున్నర లక్షలు. ఒక మోకాలు మార్చడానికి గుంటూరు డాక్టరు చెప్పింది అంతకంటే తక్కువే. జనవరిలో మా ఊరు తెనాలి చేరగానే ఆపరేషన్‌కి తేదీ తీసుకోవాలి. అల్లుడు ఆ ఖర్చు తను పెట్టుకుంటానన్నాడు. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.