తిరుగు ఓడ

2009 ఫిబ్రవరిలో చెల్లెలి పెళ్ళికని మూడు వారాల సెలవు మీద గుడివాడ వచ్చాను. పెళ్ళి సందడి ముగిశాక వీసా ముద్ర వేయించుకోవడానికి వెళితే, పాస్‌పోర్టు తీసుకొని, అదనపు పరిశీలన అవసరమన్న కాగితం ఒకటి చేతికిచ్చి పంపించారు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే చెప్పలేమన్నారు. ఆర్థిక మాంద్యం రోజులవి. రెండు నెలలు చూసి కంపెనీ వారు మర్యాదగా సెలవు పలికారు. తిరుగు టికెట్టు తేదీ దాటిపోయింది. న్యూజెర్సీలో నా అద్దె ఇంట్లో, సింకులో కడగని కాఫీ కప్పు ఒకటి నా కోసం ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

పని లేని మనిషికి సొంత ఊళ్ళో తిరగడం కష్టం. "ఎప్పుడు వెళుతున్నావు?" అన్న ప్రశ్న కూరల బజారులో కూడా వదలదు. అందుకని పొద్దున్నే ప్యాసింజరెక్కి గుడ్లవల్లేరు, కవుతరం, పెడన మీదుగా బందరు చేరి, సాయంత్రం దాకా అక్కడే కాలక్షేపం చేసేవాణ్ణి. ఆ తిరుగుళ్ళలోనే హెన్రీ వాట్సన్ ఫాక్స్ నాకు పరిచయమయ్యాడు.

నోబుల్ కాలేజీ అనగానే మనలో చాలామందికి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు గుర్తొస్తారు. ఆ పేరు గల రాబర్ట్ నోబుల్ ఎవరో కొందరికి తెలుసు. నోబుల్‌తో కలిసి, ఒకే ఓడలో వచ్చిన ఫాక్స్‌ను మాత్రం బందరే మరచిపోయింది. చర్చ్ మిషనరీ సొసైటీ పంపగా ఇద్దరూ 1841లో వచ్చారు. నోబుల్ బడి పెట్టాలనుకున్నాడు, 1843లో పెట్టాడు. ఫాక్స్‌ది ఊరూరా తిరిగి, చెట్ల కింద నిలబడి బోధించే పని. దానికి భాష బాగా రావాలి, కాళ్ళలో సత్తువ ఉండాలి. భాష వచ్చింది. సత్తువే నిలవలేదు.

అప్పటికి వీసాలు లేవు. అంతకు ముందు మాత్రం అటువంటిది ఒకటి ఉండేది. కంపెనీవారి అనుమతి పత్రం లేనిదే మిషనరీ ఈ నేల మీద ఉండడానికి వీల్లేదు. 1812లో కలకత్తాలో దిగిన అమెరికన్ అడోనిరామ్ జడ్సన్‌ను వెళ్ళిపొమ్మని ఆదేశించారు. అతడు మారిషస్‌కు పోయి, మద్రాసు చేరి, అక్కడా నిలువలేక 1813లో రంగూను ఓడ ఎక్కాడు. బర్మాకు అతడు ఇష్టపడి వెళ్ళాడని చాలామంది అనుకుంటారు. నిజానికి తరిమితే వెళ్ళాడు. 1813 చార్టర్ చట్టంతో ఆ కట్టడి సడలింది. కాబట్టి ఫాక్స్‌ను ఆపిన అధికారి ఎవరూ లేరు. బందరు ఎండే ఆ పని చేసింది. జబ్బుపడి నీలగిరి కొండలకు వెళ్ళాడు, తిరిగి వచ్చాడు. 1845లో భార్య ఎలిజబెత్ ఆరోగ్యం చెడి, పిల్లలతో సహా స్వదేశానికి ఓడెక్కవలసి వచ్చింది. ఆమె ఇంగ్లండు చేరలేదు. పిల్లల్ని అక్కడ అయినవాళ్ళకు అప్పగించి, 1846లో ఒంటరిగా మళ్ళీ బయలుదేరాడు.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. సూయజ్ కాలువ లేని రోజులు. ఆఫ్రికా కొస చుట్టి రావడానికి నాలుగు నెలలు. భార్య లేదు, పిల్లలు పక్కన లేరు. అయినా బందరు వైపే తిరిగాడు. అతని మతంతో నాకు పని లేదు, అతని ప్రచారంతో అంతకన్నా లేదు. కానీ ఏది "ఇల్లు" అన్న లెక్క ఈ మనిషికి ఎక్కడ తారుమారైందో తెలుసుకోవాలనిపించింది.

ఆ రెండవ రాక కూడా నిలవలేదు. 1848లో జబ్బు ముదిరి శాశ్వతంగా వెనుదిరిగాడు. లండన్‌లో సొసైటీ కార్యాలయంలో సహాయ కార్యదర్శి ఉద్యోగమిచ్చారు. ఆ ఏడాదే దక్షిణ భారత మిషన్ల మీద అతని పుస్తకం వెలువడింది. ఆ అక్టోబరులోనే డర్హమ్‌లో చనిపోయాడు. ముప్పై ఒక్కేళ్ళు. అతడు చదివిన రగ్బీ పాఠశాల వారు చందాలు వేసుకొని, నోబుల్ బడిలో అతని పేర ఒక ఉపాధ్యాయుణ్ణి పోషించారు. మనిషి రాలేకపోయినా జీతం వచ్చిందన్న మాట.

నోబుల్ మాత్రం ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఇంటికి పోలేదు. సుమారు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్న 1864 నవంబరు ఉప్పెననూ చూసి, మరుసటి ఏడు బందరులోనే కన్నుమూశాడు. చరిత్ర సహజంగానే ఉండిపోయినవాడి పేరు పెట్టుకుంది.

ఈ కథంతా అవనిగడ్డలో అమ్మమ్మకు చెప్పాను. చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ అక్విడెక్టు వస్తే చాలు నాకు బెంగ సగం తీరేది. ఆవిడ అంతా విని, "మా దొరసానమ్మా అంతే కదరా" అంది.

అమ్మమ్మ వయసులో ఉండగా మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసింది. అక్కడి కెనడా నర్సమ్మ 1977 ఉప్పెన తరువాత శవాల మధ్య నడుస్తూ, బతికినవాళ్ళకు కట్లు కట్టిందట. 1984 దాకా కామన్‌వెల్త్ దేశాల వారికి మన దేశానికి వీసా అక్కర్లేదు. ఆ నియమం మారబోయే ముందే ఆవిడ సెలవు మీద వెళ్ళింది. "ఆరు నెలల్లో వచ్చేస్తాను" అని ఒక ఇనప ట్రంకుపెట్టె అమ్మమ్మ ఇంట్లో పెట్టి వెళ్ళింది. తిరిగి రాబోతే మతప్రచారకుల వీసా కావాలన్నారు, అది రాలేదు. కొన్నేళ్ళు క్రిస్మస్‌కు కార్డు వచ్చేది. తరువాత అదీ ఆగిపోయింది.

నేను బలవంతపెడితే ఆ పెట్టె తెరిచింది. కలరా ఉండల వాసన. ఒక ఊలు స్వెట్టరు (దివిసీమ ఉప్పుగాలికి అదెందుకో!), రెండు తెల్ల చీరలు, 1873లో తొలిసారి వచ్చిన ఆర్డెన్ తెలుగు వ్యాకరణం తాలూకు పాత ప్రతి. అంచుల్లో పెన్సిలుతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, "వస్తాను అంటే వెళ్తాను అని అర్థం" అని రాసి ఉంది.

అమ్మమ్మకు చదువు రాదు. చదివి వినిపిస్తే నవ్వి, కళ్ళు తుడుచుకొని, "మరి నీ పెట్టె ఎవరింట్లో ఉందిరా అబ్బాయి?" అంది.

ఒక మిత్రుడి గరాజులో, ఆరు అట్టపెట్టెల్లో ఉందని చెప్పాను.

సెప్టెంబరులో పాస్‌పోర్టు ముద్ర లేకుండానే తిరిగొచ్చింది. అప్పటికి హైదరాబాదులో ఉద్యోగం చూసుకున్నాను. మిత్రుడు ఫోను చేసి సామాను ఏం చేయమంటావని అడిగితే, పుస్తకాలు అక్కడి గ్రంథాలయానికి ఇచ్చేయమన్నాను. మిగతావి అతని ఇష్టం.

అమ్మమ్మ 2014లో పోయింది. ట్రంకుపెట్టె ఇప్పుడు గుడివాడలో మా ఇంట్లో ఉంది. ఏటా ఎండలు ముదిరాక ఒకసారి తెరిచి, స్వెట్టరు దండెం మీద ఆరేసి, కలరా ఉండలు మార్చి, మళ్ళీ మూసేస్తాం.