పారే నీళ్ల కోసం

ఫిబ్రవరి సగం దాటిందంటే గ్యారేజీలో గోడకు ఆనించిన కయాక్ మీదికే నా చూపు పోతుంది. మిన్నెసోటా సరస్సులు అప్పటికింకా గడ్డకట్టే ఉంటాయి. వాటి మీద ట్రక్కులు తోలుతారు. నాకు కావలసింది పారే నీళ్లు.

అందుకే రెడ్ వింగ్ వెళతాను. ఊరికి ఎగువన మిసిసిపీ మీద 3వ నంబరు లాక్ అండ్ డ్యామ్ ఉంది. దాని దిగువన నీటి వడికి మంచు నిలవదు. వసంతంలో గుడ్లు పెట్టాలని ఎదురీదే వాలై, సాగర్ చేపలు ఆనకట్ట అడ్డుపడి అక్కడే గుమిగూడతాయి. మార్చిలో లోపలి సరస్సుల్లో వాలై వేట ఆపేసినా, విస్కాన్సిన్ సరిహద్దున ఉన్న ఈ నదిలో ఆపరు. చేపలు అక్కడ గుమిగూడతాయని తెల్లతల గద్దలకూ తెలుసు. ఒడ్డు చెట్ల మీద బారులు తీరి ఉంటాయి.

ఆ నీళ్లంటే నాకు భయం, ఆ భయం ఉండాలి కూడా. పడితే మొదటి నిమిషం ఊపిరి చేతిలో ఉండదు, పది నిమిషాలకు వేళ్లు పట్టు వదిలేస్తాయి. డ్రై సూట్, లైఫ్ జాకెట్, పక్కన ఇంకో పడవ లేకుండా దిగను. పోయిన ఆదివారం మంచు పలకలు కొట్టుకొస్తుంటే కయాక్ దించనే లేదు. ఒడ్డున నిలబడి, అవి ఒకదాన్నొకటి ఒరుసుకునే చప్పుడు చీకటి పడేదాకా విన్నాను.