నాన్న అంబాసిడర్‌కి జ్వరం

బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. వెనక సీట్లో అమ్మ, నా పక్కన నాన్న. ద్వారకా తిరుమలకి బయల్దేరి అరగంట కూడా కాలేదు. కారు పక్కకి తోసి, అమ్మని చెట్టు నీడన కూర్చోబెట్టాను. చాలాసేపటికి నాన్న, "ఇక అమ్మేద్దాంరా. దీని మీద డబ్బులు తగలేయకు" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. అది 1986 మోడల్ అంబాసిడర్. దాన్ని ట్యాక్సీగా తిప్పే నా ఇంజినీరింగ్ ఫీజులు కట్టాడు. పాత 1489 సీసీ ఇంజిన్ పొగ కక్కుతూ ఆయిల్ తాగేస్తుంటే, మార్చేద్దామని పట్టుబట్టింది నేనే. తర్వాత అంబాసిడర్లలో వచ్చిన 1817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజిన్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొని, విజయవాడ ఆటోనగర్‌లో బిగించాం. ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించాం కూడా. అన్నీ పద్ధతిగానే చేశాననుకున్నా. బండి మాత్రం మరిగిపోతోంది.

తర్వాత నెలంతా సలహాలే. "థర్మోస్టాట్ పీకెయ్, సగం రోగం పోతుంది" అన్నారొకరు. నీళ్లు తగినంత వేడెక్కాక తెరుచుకునే వాల్వ్ అది. తీసేస్తే హైవే మీద ఇంజిన్ సరిగ్గా వేడెక్కనే లేదు, ట్రాఫిక్‌లో మరగడం మానలేదు. మళ్లీ పెట్టించా. రేడియేటర్ విప్పి కడిగించా. మార్పు లేదు. చివరికి "హెడ్ గ్యాస్కెట్ పోయుంటుంది, హెడ్ దించాల్సిందే. పదిహేను వేలవుతుంది" అన్నారు. అక్కడ ఆగా.

ఆ రాత్రి అన్నం తింటూ నాన్న అడిగాడు. "అసలు ఎప్పుడు వేడెక్కుతోందిరా? మొన్న గన్నవరం వెళ్లొచ్చినప్పుడు బాగానే ఉందిగా?"

నెల రోజుల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నేనూ వేసుకోలేదు. ఫోన్‌లో రాసుకుంటూ రెండ్రోజులు తిప్పా. హైవే మీద ఎనభైలో వెళ్తుంటే ముల్లు మధ్యలోనే ఉంది. సిగ్నళ్ల దగ్గర పది నిమిషాలు నిలిస్తే ఎరుపులోకి పోయింది.

బండి పరిగెడుతుంటే గాలి దానంతటదే రేడియేటర్‌లోకి కొడుతుంది. ఆగినప్పుడు దిక్కు ఫ్యాన్ ఒక్కటే. రేడియేటర్ పూడుకుపోయినా, వాటర్ పంప్ నీరసించినా హైవే మీద ముందు తెలిసేది, ఇంజిన్ ఎక్కువ వేడి పుట్టించేది అక్కడే కదా. గ్యాస్కెట్ పోయిన లక్షణాలూ లేవు. రేడియేటర్‌లో బుడగల్లేవు, తెల్ల పొగ లేదు, ఆయిల్ పాలు కలిసినట్టు లేదు.

ఇంకో అనుమానం మీటర్ మీద. పాత మీటర్‌కి కొత్త ఇంజిన్ సెన్సర్ పొత్తు కుదరకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొని థర్మోస్టాట్ హౌసింగ్ మీదకి గురిపెట్టా. 106 డిగ్రీలు. మీటర్ నిజమే చెబుతోంది.

ఇక మిగిలింది ఫ్యాన్. కొత్త ఇంజిన్ ఫ్యాన్ మా రేడియేటర్‌కి సరిగ్గా ఎదురుగా రాలేదని, మేస్త్రి రేడియేటర్ వెనకాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాడు. అది తిరుగుతోందో లేదో చాలాసార్లు చూశా. తిరుగుతోంది. ఎటు తిరుగుతోందో చూడలేదు.

ఫ్యాన్ అందుకున్నాక నాన్న ఆరోజు దినపత్రికలోంచి ఒక కాగితం చింపి, గ్రిల్ ముందు పెట్టి వదిలాడు. గాలిని లోపలికి లాగే ఫ్యాన్ అయితే కాగితం గ్రిల్‌కి అతుక్కోవాలి. అది ఎగిరొచ్చి నా చొక్కాకి కొట్టుకుంది.

వైర్లు రెండూ తారుమారయ్యాయి. బ్యాటరీ మీద నడిచే ఆ మోటార్‌కి ప్లస్, మైనస్ మారితే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. ఇంజిన్ వేడినంతా మళ్లీ రేడియేటర్ మీదకే ఊదుతోంది! వైర్లు మార్చి, కాగితం మళ్లీ పెట్టాం. టక్కున అతుక్కుంది. మేస్త్రి నాలుక్కరుచుకుని, ఫ్యాన్ చుట్టూ రేకుతో గూడు కూడా చేసిచ్చాడు. గాలి పక్కల నుంచి జారిపోకుండా రేడియేటర్ మొత్తంలోంచి రావాలంటే అది ఉండాలి. ఎండలో అరగంట బండి ఆన్‌లో ఉంచితే 92 దాటలేదు.

మీ బండి ఎప్పుడైనా వేడెక్కితే, ఏ పార్టు మార్చాలని కాకుండా, ఎప్పుడు వేడెక్కుతోందని ముందు అడగండి. ఇంకొకటి, వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి. వయసులో ఉన్నప్పుడు తీసిన గుర్తు నాన్న మణికట్టు మీద ఇంకా ఉంది.

పోయిన ఆదివారం మళ్లీ బయల్దేరాం. బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్రలైటు. ఫ్యాన్ చప్పుడు మొదలైంది. నాన్న రోడ్డు చూడట్లేదు, మీటర్‌నే చూస్తున్నాడు. ముల్లు మధ్యలోనే ఉంది. పచ్చలైటు పడింది.

"ఇక పోనీరా" అన్నాడు. అమ్మేద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు.